ఊపిరి వ్యాధులు - చికిత్సా పరీక్షలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



ఈ సభలో ఏదైన ప్రబంధమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. గ్రామ లెక్కలు వ్రాసికొనుచు, తీరిక దొరకినపుడు గురుముఖమున గాక గ్రంథముఖమున కావ్యములు చదివికొన్న నాకు అది ప్రీతికరమైన పనియే. అయినను గడచిన కొన్ని యేండ్లలో మన గ్రంథాలయపు బల్లపై ప్రబంధములకంటె ఎక్కువ మారులు పరచి చదువబడినవి ఆసుపత్రి కాగితములని మీరెఱుగుదురు. ఊపిరాడని మనుష్యులు, వారి బిడ్డలు, "క్రొత్త మందు పరీక్షలో చేరుమనుచున్నారు, చేరవచ్చునా?" యని అడుగుచు వచ్చిరి. అట్టి పరీక్ష దగ్గరలో ఎక్కడ జరుగుచున్నదో చూచి చెప్పుడని మఱికొందఱు వచ్చిరి. ఆ ప్రశ్నలకు సమాధానము వెదకుటలో తెలిసికొన్న సంగతులనే నేడు మనవి చేసెదను. నేను వైద్యుడను కాను; ఏ మందు మంచిదో చెప్పను. కాగితము చదువుట నా వృత్తి గనుక, కాగితమునకు సంబంధించినంత వఱకే మాటలాడెదను.

మన సీమలో నీటికి కఱవుగాని రాతికి కఱవు లేదు. బేతంచెర్ల నాపరాయి, ఎఱ్ఱగుంట్ల ప్రాంతపు కడపబండ, మంగంపేట ముగ్గురాయి, పులివెందుల వైపు ఒకప్పుడు త్రవ్విన రాతినార, 1970 వఱకు మన కర్నూలు జిల్లాలోనే యుండిన మార్కాపురపు పలకరాయి - ఇవి యెన్ని యిండ్లలో పొయ్యి వెలిగించినవో చెప్పలేము. వానలు తప్పిన యేడు నాగలి దించి సమ్మెట పట్టిన రైతు మన యూళ్లలో క్రొత్తవాడు కాడు. రాయి కూడు పెట్టినది నిజము. కాని రాయిని కోయునపుడు, పొడి చేయునపుడు లేచు దుమ్ములో పలుగురాతి సారమైన సిలికా యున్నచో, అది కంటికి కనబడనంత సన్నని రేణువులై ఊపిరితిత్తుల అడుగున చేరి, అక్కడి మెత్తని కండను మచ్చగట్టించి బిగియించును. దానినే సిలికోసిస్ అందురు. పని మానినను అది పెరుగుట మానకపోవచ్చును. పైగా సిలికా చేరిన ఊపిరితిత్తులలో క్షయ సులభముగా ప్రవేశించును. ఇక బీడీల వలన, కట్టెపొయ్యి పొగ వలన శ్వాసనాళములు ఇఱుకై, ఆంగ్లమున సీ.ఓ.పీ.డీ. యని పిలువబడు దీర్ఘవ్యాధి వచ్చినవారు ప్రతి వీథిలోను కలరు. వ్యాధుల పేర్లు వేఱైనను వీరి బాధ ఒక్కటే: నెత్తురునకు చాలినంత ప్రాణవాయువు అందదు.

ప్రాణవాయువన్న మాటను గూర్చి చిన్న విషయము. మన ఆయుర్వేద గ్రంథములలో ప్రాణము, అపానము, వ్యానము, ఉదానము, సమానము అని పంచవాయువులు చెప్పబడినవి. అందలి ప్రాణవాయువు వేఱు, ఆసుపత్రి గొట్టములలో వచ్చు ప్రాణవాయువు వేఱు. రెండవదానిని 18వ శతాబ్దిలో ఐరోపా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1774లో ప్రీస్ట్లీ దానిని వేఱుచేసి చూపెను, లావోయిజియే దానికి పేరు పెట్టెను. ఆమ్లములన్నిటికి అదియే మూలమను తలంపుతో పెట్టిన పేరునకు సరియైన తెలుగే మన పాఠ్యపుస్తకములలోని "ఆమ్లజని". తలంపు తప్పని తరువాత తేలినను పేరు నిలిచిపోయినది. చరకసంహితలో శ్వాసరోగము మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస యని అయిదు విధములుగా విభజింపబడినది. మనవారు రోగమును ఎంత శ్రద్ధతో పరిశీలించిరో దీనివలన తెలియును. అయితే పరిశీలన వేఱు, పరీక్ష వేఱు. ఈ భేదమే నా ఉపన్యాసమునకు ఆయువుపట్టు.

పరీక్ష యననేమి? ఒకే రోగము గల మనుష్యులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు క్రొత్త చికిత్స, రెండవదానికి పాత చికిత్సయో, మందులేని వట్టి మాత్రయో ఇచ్చి, ఉభయులను ఒకే తీరున కనిపెట్టి చూచుట. ఎవరు ఏ గుంపులో పడవలెనో వైద్యుడు ఏరుకొనరాదు. చీటీలు వేసినట్లు నిర్ణయము కావలెను. ఏలయనగా, వైద్యుడు ఏరుకొన్నచో బలముగలవారిని క్రొత్త మందునకు, బలహీనులను పాతదానికి తెలియకయే పంపవచ్చును. ఇంగ్లండులో క్షయకు స్ట్రెప్టోమైసిన్ మందును ఈ తీరున పరీక్షించి 1948లో ఫలితము ప్రకటించిరి. మందు పుచ్చుకొన్న 55 మందిలో ఆఱు నెలలలో మరణించినవారు 4 గురు. పడకపై విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది. ఇట్టి లెక్క ఎదుట వాదమునకు తావు లేదు.

"ప్రాణవాయువునకు కూడ పరీక్ష యేల? ఊపిరాడనివానికి అది ఇచ్చుట మంచిదే గదా!" యని మీరనవచ్చును. నేనును అట్లే తలంచితిని. కాని దాని చరిత్ర చదువగా ఆశ్చర్యము కలిగినది. 1940ల నుండి అమెరికాలో, ఐరోపాలో నెలలు నిండక పుట్టిన శిశువులను బ్రతికించుటకు గాజు పెట్టెలలో నుంచి ధారాళముగా ప్రాణవాయువు నిచ్చుచుండిరి. బిడ్డలు బ్రతికిరి, కాని వేలమంది గ్రుడ్డివారైరి. కారణమేమో చాల యేండ్లు తెలియలేదు. 1953-54లో అమెరికాలోని 18 ఆసుపత్రులు కలిసి, కొందఱు శిశువులకు ఎక్కువగాను, కొందఱికి అవసరమైనంత మాత్రమే ప్రాణవాయువు నిచ్చి చూడగా, అధికముగా ఇచ్చుటయే కన్నులు పోవుటకు కారణమని స్థిరపడినది. అమృతమే విషమైనది. కథ అంతటితో ముగియలేదు. తరువాత ప్రాణవాయువును మిక్కిలి తగ్గించిన చోట్ల కన్నులు దక్కెనుగాని ప్రాణములు పోయినవి. ఎంత ఇవ్వవలెనను ప్రశ్నకు 2010లో ప్రకటితమైన ఇంకొక పెద్ద పరీక్ష, రక్తములోని ప్రాణవాయువు తక్కువ స్థాయిలో నుంచిన శిశువులలో మరణములు ఎక్కువని చూపినది. ఒక్క గాలి గొట్టపు మోతాదు తేల్చుటకు అఱువది యేండ్లు పట్టినవి!

పెద్దవారి సంగతి. ఊపిరితిత్తులు చెడి రక్తములో ప్రాణవాయువు బాగుగా తగ్గిన 87 మందిని ఇంగ్లండు, స్కాట్లండు వైద్యులు పరీక్షించి 1981లో ఫలితము వెల్లడించిరి. ఇంటివద్దనే దినమునకు కనీసము 15 గంటలు ప్రాణవాయువు పీల్చిన 42 మందిలో అయిదేండ్లలో 19 మంది చనిపోగా, పీల్చని 45 మందిలో 30 మంది చనిపోయిరి. అంతకు ముందటి సంవత్సరము అమెరికాలో 203 మందిపై జరిగిన పరీక్షలో, రాత్రులు మాత్రమే పీల్చినవారికంటె దాదాపు దినమంతయు పీల్చినవారు ఎక్కువగా బ్రతికిరి. నేడు వైద్యులు "యంత్రము పదునైదు గంటలు వాడుము" అని చెప్పు మాటకు మూలము ఈ రెండు పరీక్షలే. అయితే 2016లో 738 మందిపై చేసిన మఱియొక పరీక్ష, ప్రాణవాయువు కొంచెము మాత్రమే తగ్గినవారికి ఆ యంత్రము వలన ఆయుర్దాయము పెరుగుట లేదని తేల్చినది. 2021లో ఇంటింట అప్పుచేసి యంత్రములు కొన్నవారు ఈ సంగతి వినదగును. ఎవరికి అవసరమో రక్తపరీక్ష చెప్పవలెనుగాని అంగడివాడు చెప్పరాదు.

2021 అనగానే మీ మనస్సులలో మెదలునదేదో నాకు తెలియును. మే 10వ తేది రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో, తమిళదేశము నుండి రావలసిన ద్రవ ప్రాణవాయువు బండి ఆలస్యమై, గొట్టములలో ఒత్తిడి తగ్గి, 11 మంది ప్రాణములు పోయినవని ప్రకటించిరి. ఆ దినములలోనే నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున ఆనందయ్యగారు ఇచ్చు మందునకై జనము వేలకు వేలు క్రిక్కిఱిసిరి. ఆయన ఇచ్చినవానిలో కంటిలో వేయు చుక్కలుండెను. ప్రాణవాయువు పడిపోయినవారికి ఆ చుక్కలు వేసినంతనే నిమిషములలో లేచి కూర్చుందురని ప్రచారము జరిగినది. ఆయన ధర్మబుద్ధితో డబ్బు పుచ్చుకొనక ఇచ్చెను. ఆయనను నిందించుట నా ఉద్దేశము కాదు. ప్రభుత్వము ఆయుర్వేద పరిశోధనా సంస్థలచే విచారింపజేసి, 2021 మే 31న లోనికి పుచ్చుకొను మందులలో కొన్నిటికి అనుమతించినది. అవి హాని చేయవనియే గాని కరోనాను నయము చేయునని ఋజువు కాలేదనియు చెప్పినది. కంటి చుక్కలకు అనుమతి నీయలేదు.

ఆ చుక్కలతో తేరుకొంటిమని చెప్పినవారు అబద్ధమాడిరని నేననను. కాని చుక్కలు వేయనివారిలో ఎందఱు తేరుకొనిరి? వేసిన తరువాత ఎందఱు పోయిరి? ఆ రెండు గళ్లు నిండని లెక్క లెక్క కాదు. జమ వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టాను ఏ తనిఖీదారుడైనను ఒప్పుకొనునా?

అదే సమయమున మన దేశములోనే చిట్టా పూర్తిగా వ్రాసినవారును కలరు. కరోనా నుండి కోలుకొన్నవారి రక్తపు ప్లాస్మాను రోగులకెక్కించిన గుణము కలుగునని 2020లో దేశమంతట నమ్మిరి. ప్లాస్మా కొఱకు జనము పత్రికలలోను, ఫోనులలోను వేడుకొనిరి. భారత వైద్య పరిశోధనా మండలి 39 ఆసుపత్రులలో, ప్రాణవాయువు తగ్గిన 464 మంది రోగులను చీటీల పద్ధతిని విభజించి పరీక్షించినది. వ్యాధి ముదిరినవారు లేదా మరణించినవారు ప్లాస్మా పొందిన గుంపులో నూటికి 19 మంది, పొందని గుంపులో 18 మంది. అనగా ప్రయోజనము లేదు. ఇంగ్లండులో అదే సంవత్సరము జూన్ నెలలో డెక్సామెథసోన్ అను చౌక మందు, ప్రాణవాయువు పెట్టవలసి వచ్చినవారిలో మరణములను అయిదింట ఒక వంతు, శ్వాసయంత్రముపై నున్నవారిలో మూడింట ఒక వంతు తగ్గించునని తేలినది. ప్రాణవాయువు అవసరము లేనివారికి దానివలన మేలు కనబడలేదు. పదిమంది మెచ్చిన ప్లాస్మా ఓడినది. ఎవరును పట్టించుకొనని పాత మందు గెలిచినది. ఈ రెంటిని తేల్చినవారు, తమ శరీరములను లెక్కకు అప్పగించిన సామాన్య రోగులు.

మన రాయలసీమకు ఇట్టి పరీక్షలు క్రొత్తవికావు. మదనపల్లె చెంత ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయమువారు 1950లో ఆ చుట్టుపట్ల గ్రామములలో బీ.సీ.జీ. టీకాను పరీక్షింప నారంభించి, అనేక సంవత్సరములు ఆ జనమును కనిపెట్టి చూచిరి. 1956లో మద్రాసున నెలకొల్పిన క్షయ పరిశోధనా కేంద్రమువారు, 193 మంది బీద రోగులలో సగము మందిని చికిత్సాలయమునకు పంపి, సగము మందికి వారి ఇఱుకు ఇండ్లలోనే మందులిచ్చి చూచిరి. మంచి తిండి, విశ్రాంతి, చల్లని గాలి లేని యిండ్లలోనివారును సమానముగానే కోలుకొనిరనియు, ఇంటివారికి అంటు అధికము కాలేదనియు 1959లో ప్రకటించిరి. నేడు ప్రపంచమున క్షయరోగి తన యింటనే యుండి మందు పుచ్చుకొనుచున్నాడన్నచో ఆ 193 మంది పుణ్యము అందు కలదు. వారి పేర్లు ఏ శిలపైనను లేవు.

మంచి చెప్పితిని గనుక చెడ్డయు చెప్పవలెను. 2009 జూలైలో అప్పటి మన రాష్ట్రపు ఖమ్మం జిల్లాలో, గర్భాశయముఖ క్యాన్సరును నివారించు టీకాను పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు వేయు అధ్యయనమొకటి మొదలైనది. కొందఱు బాలికలు మరణించుటతో 2010 ఏప్రిలులో దానిని నిలిపివేసిరి. మరణములకు టీకా కారణము కాకపోవచ్చునని విచారణ సంఘము చెప్పినది. టీకా మంచిచెడ్డలు నా ప్రసంగ విషయము కావు. నన్ను బాధించినది 2013 ఆగస్టు నాటి పార్లమెంటు స్థాయీ సంఘము నివేదికలోని కాగితముల లెక్క. ఆంధ్రప్రదేశములో చూచిన 9,543 అంగీకార పత్రములలో 1,948 వేలిముద్రలు; 2,763 పత్రములపై సంతకము చేసినవారు వసతిగృహముల వార్డెనులు. తల్లిదండ్రులు బ్రతికియుండగా బిడ్డ శరీరమునకు వార్డెను సంతకమా! భూమి క్రయపత్రముపై పొరుగువాడు సంతకము చేసిన రిజిస్ట్రారు ఊరకుండునా? సెంటు భూమికున్న రక్షణ బిడ్డకు లేకపోయినది. ఆ తరువాత 2011లో పిడుగురాళ్ల ప్రాంతపు పేద స్త్రీలను కొద్ది డబ్బునకు పట్టణమునకు తీసికొనిపోయి మందులు మ్రింగించిరను వార్త వెలువడినది. ఇట్టివి పెరుగగా వ్యవహారము సుప్రీంకోర్టు చేరి, 2013 నుండి నిబంధనలు కఠినమైనవి.

నేడు అమలులోనున్నవి 2019 మార్చిలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నూతన ఔషధ, చికిత్సా పరీక్షల నియమములు. వానిలో మనకు ముఖ్యమైనవి చెప్పెదను. పరీక్ష జరుగు చోట నీతిసంఘ మొకటి దానిని ముందుగా ఆమోదింపవలెను. ఆ సంఘములో కనీసము ఏడుగురుండవలెను. అందు వైద్యులే కాక న్యాయము తెలిసినవారొకరు, స్త్రీ యొకరు, మీవంటి నావంటి సామాన్యుడొకడును ఉండి తీరవలెను. రోగికి అర్థమగు భాషలో వివరపత్రము ఈయవలెను. చదువురానివాడైనచో, పరీక్షతో సంబంధము లేని సాక్షి కడవఱకు కూర్చుండి, చెప్పినదంతయు విని, తానును సంతకము చేయవలెను. సంతకమైన పత్రము నకలు రోగికి ఈయవలెను. ఈ కడపటి మాట మఱువకుడు. నకలు చేతికి రాని పత్రముపై వ్రేలు ఉంచవలదు. పరీక్ష వలన హాని కలిగినచో ఉచిత చికిత్స, నియమము ప్రకారము పరిహారము ఈయవలెను. తీవ్రమైన హాని జరిగిన 24 గంటలలో పరీక్ష జరుపు వైద్యుడు పై యధికారులకు తెలుపవలెను. ఇష్టము లేనిచో రోగి ఎప్పుడైనను విరమించుకొనవచ్చును. విరమించినందులకు అతని మామూలు చికిత్సకు భంగము కలిగింపరాదు.

ఇక వెదకుట. 2007 జూలై 20న మన దేశములో చికిత్సా పరీక్షల పట్టిక ఒకటి ప్రారంభమైనది. దానిని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ యందురు. భారత వైద్య పరిశోధనా మండలివారు నిర్వహించుచున్నారు. 2009 జూన్ 15 నుండి ఔషధ పరీక్షలు దానిలో నమోదు కావలెనని ఉత్తరువైనది. 2018 ఏప్రిల్ నుండి పరీక్ష మొదలు కాకముందే నమోదు చేయవలెను. నా కంటికది గ్రామపు అడంగలు వంటిది: ఏ పొలములో ఏ పైరు, ఎవరి అనుభవము అన్నట్లు, ఏ ఊర ఏ పరీక్ష, ఎవరి ఖర్చు, ఎవరు బాధ్యులు అని వరుసగా ఉండును. ఎవరైనను డబ్బీయక చూడవచ్చును. భాష ఆంగ్లము, కాబట్టి మన గ్రంథాలయమునకు వచ్చు కళాశాల పిల్లల సాయము కావలెను. వ్యాధి పేరును ఆంగ్లమున వ్రాసి వెదకిన పట్టిక వచ్చును. ఒక్కొక్క పరీక్షకు ఒక సంఖ్య యుండును. అందు సంవత్సరము, నెల తెలియును. ఎవరైనను "మా పరీక్షలో చేరుము" అనగానే ఆ సంఖ్య అడుగుడు. సంఖ్య చెప్పలేనివానితో మాటలు పెంచ నక్కఱలేదు.

పట్టికలో మొదట చూడవలసినది పరీక్ష స్థితి. రోగులను చేర్చుకొనుచున్నదా, ఇంకను మొదలు కాలేదా, ముగిసినదా యని అందుండును. ముగిసిన పరీక్షకై బస్సెక్కి హైదరాబాదు పోయి తిరిగి వచ్చినవారిని నేనెఱుగుదును. పిమ్మట స్థలములు: కర్నూలు, తిరుపతి, హైదరాబాదు, బెంగుళూరు, వేలూరు, చెన్నై మన వారికి అందుబాటులోనివి, నెలకు ఎన్నిమార్లు పోవలెనో, దారిఖర్చు ఎవరిదో అడుగవలెను. తరువాత ఎవరు చేరవచ్చును, ఎవరు చేరరాదు అను భాగము. వయస్సు, ఊపిరి పరీక్ష ఫలితము, పొగత్రాగుడు, ఇతర వ్యాధులు అందు వ్రాయబడును. అందులకు చాలినవారు మనలో కొద్దిమందియే యుందురు. చాలనంత మాత్రమున నిరాశపడవలదు, అది రోగి మేలునకు పెట్టిన హద్దు. ఒక హెచ్చరిక: పట్టికలో పేరుండుట ప్రభుత్వము మెచ్చుకొనుట కాదు. అడంగలులో పేరున్నంత మాత్రమున పట్టా వచ్చునా? నమోదు వేఱు, అనుమతి వేఱు. నీతిసంఘపు ఆమోదమున్నదో లేదో ఆ పుటలోనే చూడవచ్చును.

పరీక్షలో ఇచ్చు మందునకు రోగి వెల చెల్లింపడు. "మూలకణములతో ఊపిరితిత్తులు క్రొత్తవగును, లక్షలు కట్టుము" అని కొందఱు పిలుచుచున్నారు. 2017లో భారత వైద్య పరిశోధనా మండలి ఇచ్చిన మార్గదర్శకముల ప్రకారము, కొన్ని రక్తసంబంధ వ్యాధులకు తప్ప మూలకణ చికిత్స అంగడిలో అమ్మదగినది కాదు. తక్కినవానికి పరీక్షలోనే, అదియు డబ్బు పుచ్చుకొనక, చేయవలెను. డబ్బు అడిగినవాడు పరీక్ష చేయుటలేదు, వ్యాపారము చేయుచున్నాడు.

నిరుడు చలికాలమున మన గ్రంథాలయమునకు వచ్చిన ఒక పెద్దాయన సంగతి చెప్పెదను. ఆయన అనుమతి పొందియే చెప్పుచున్నాను. ముప్పది యేండ్లు రాళ్లు కోసినవాడు. నాలుగు మెట్లెక్కి గుమ్మములో కూర్చుండిపోయి, కొంతసేపటికి సంచిలోనుండి పదునాఱు పుటల కాగితములు తీసి, "సామీ, పట్నం ఆస్పత్రోళ్లు ఇచ్చినారు. దీంట్లో ఏముండాదో సదివి సెప్పు. రేపు యేలుముద్ర ఎయ్యాలంట" అనెను. తెలుగు పత్రమే, కాని ఆ తెలుగు ఆంగ్లముకంటె కఠినముగా నుండెను. పాఠశాల ఉపాధ్యాయునితో కలిసి రెండు సాయంకాలములు చదివితిమి. వట్టి మాత్ర సంగతి వచ్చినపుడు ఆయన ఆపెను. "అంటే నాకు మందు పడొచ్చు, సున్నప్పొడి పడొచ్చు. యాది పడిందో డాక్టరుక్కూడా తెలవదు. అంతేనా?" అంతే యంటిని. "మరి నాకేం లాభం?" అని అడిగెను.

ఆ ప్రశ్నకు మెత్తని మాట చెప్పుట సులభము. ఉపాధ్యాయుడు ఉన్నదున్నట్లు చెప్పెను: "పెద్దాయనా, నీకు లాభం ఉంటుందని ఈ కాగితం ఎక్కడా చెప్పలేదు. మందు పనిచేస్తుందో లేదో తెలియకనే ఈ పరీక్ష పెట్టినారు. తెలిసి ఉంటే పరీక్ష ఎందుకు?" ఆయన కొంతసేపు దగ్గి, "నా కొడుకు గూడా ఆ మిషన్ కాడనే పనిజేస్తాండాడు. వానికి పనికొస్తాదా?" అనెను. పనికిరావచ్చు ననియు, మందుకంటె ముందు కొడుకు రాయిని నీళ్లతో తడుపుచు కోయవలెననియు, మూతికి గుడ్డ గాక సరియైన ముసుగు వాడవలెననియు చెప్పితిమి. మఱునాడు పోయి వ్రేలిముద్ర వేసెను. సాక్షిగా ఉపాధ్యాయుడు కూర్చుండెను. నకలు తెచ్చి మా చేతికిచ్చెను.

ఆయన పరీక్షలో చేరలేదు. చేర్చుకొనుటకు ముందు చేసిన కఫపరీక్షలో క్షయక్రిములు కనబడినవి. అట్టివారిని చేర్చుకొనరాదని పదునొకండవ పుటలో నున్నదే. వెంటనే ప్రభుత్వ క్షయ చికిత్సకు పంపిరి. ఆఱు నెలలు మందులు వాడెను. ఊపిరి మునుపటివలె రాలేదు, రాదు. కాని జ్వరము పోయి, బరువు కొంత పెరిగి, ఈ సభలో ఏదో యొక వరుసలో కూర్చుండియున్నాడు. కొడుకు మిల్లు యజమానితో నీటి గొట్టము కొఱకు ఇంకను వాదించుచునే యున్నాడు.

అంగీకారము విషయమున పెద్ద దేశములును తడబడుచున్నవని చెప్పి ముగింతును. నేను ముందు చెప్పిన శిశువుల ప్రాణవాయు పరీక్షలో, కలుగగల ప్రమాదములను తల్లిదండ్రులకు పత్రములో స్పష్టముగా తెలుపలేదని 2013లో అమెరికా ప్రభుత్వ కార్యాలయమే ఆక్షేపించినది. పరీక్ష చేసిన వైద్యుల పక్షమున వాదించినవారును ఉండిరి. అంతటి విద్యావంతుల దేశములో పత్రమును గూర్చి అంత వాదము జరిగినదన్నచో, మన యూళ్లలో పత్రమును గట్టిగా చదివి వినిపించు చోటు ఎంత అవసరమో ఆలోచింపుడు. కర్నూలున పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయములను, వయోజన విద్యను జోడెద్దులవలె నడిపిరి. చదువనేర్చినవాడు చదువనేరనివానికి చదివి చెప్పుట ఆ యుద్యమములో మొదటి పాఠము.

అందుచేత కార్యవర్గమువారు ఒప్పుకొన్న యేర్పాటు నొకదానిని ఈ సభలో తెలుపుచున్నాను. ప్రతి ఆదివారము ఉదయము తొమ్మిది గంటల నుండి పదునొకండు వఱకు, ఆసుపత్రి కాగితములు, అంగీకార పత్రములు తెచ్చినవారికి ఇక్కడ చదివి చెప్పబడును. కళాశాల పిల్లలు ఇద్దఱు పట్టికలో వెదకి పెట్టుదురు. ఎవరి పేరును, వ్యాధియు బయటికి పోవు. చేరుమనిగాని చేరవలదనిగాని మేము చెప్పము. సాక్షి కావలసినవారు రెండు దినములు ముందుగా తెలుపవలెను. కాగితములు అన్ని పుటలు తెండు. మొదటి పుటయు, సంతకము పుటయు మాత్రమే తెచ్చిన ప్రయోజనము లేదు.